మూడు చుక్కల పెట్టె

పోయిన వారం నళినిని గడపలోనే నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో చాయ్ పళ్ళెం ఉంది. ఎదురుగా ముందుగదిలో పాత దుప్పటి పరిచి, దానిమీద విప్పిపెట్టిన ఇనుపపెట్టె, దాని కడుపులో తల దూర్చి కూర్చున్న మొగుడు కాశీనాథ్. టార్చి పట్టుకున్న కొడుకు సందీప్, మూడో చక్రానికి అతికి ఉన్న అర్ధచంద్రం లాంటి రేకుముక్కను చూసి అనకూడని మాట అనేశాడు.

“బాపూ, మోసం గిదే.”

ఈ వారమే పత్రిక తెరిచినవాళ్ళ కోసం నాలుగు మాటలు. అది జూదపు పెట్టె. నాణెం వేసి పక్కనున్న పిడి గుంజితే లోపల మూడు చక్రాలు గిర్రున తిరిగి ఆగుతాయి. చక్రాల మీద గంటలు, నిమ్మకాయలు, రేగుపళ్ళు, చుక్కలు ఉంటాయి. ఒకే బొమ్మ మూడు కిటికీల్లో వరసగా పడితే కింద తొట్టిలోకి నాణేలు రాలతాయి. మూడు చుక్కలే పడితే ముందున్న గాజుబిళ్ళ వెనక నింపిన గల్లా మొత్తం రాలాలి. సికింద్రాబాద్‌లో ఏదో క్లబ్బు మూతపడ్డప్పుడు దాన్ని కొన్నది నళిని తండ్రి మారోతి, ఆయన పొత్తుదారు వెంకట్రావ్. ఇద్దరిదీ దెగ్లూర్ దగ్గరి మర్ఖేల్ ఊరు. ఏటా మాళేగావ్ ఖండోబా జాత్రలో డేరా వేసి ఆడించేవారు.

ఒక ఏడు మూడు చుక్కలు పడ్డాయి. గల్లా మాత్రం రాలలేదు. “నేను చేత్తోని తీసి ఇస్త” అని మారోతి తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టాడు. దొరికిపోయాక ఇస్తావా అని జనం ఎగబడ్డారు. ఆ గోలలో వెంకట్రావ్ పక్కకు జరిగి, “లోపట ఏం చేసిండో వానికే ఎరుక, నాకేం సంబంధం లేదు” అన్నాడు. ఆ ఒక్క మాటతో మారోతి మోసగాడైపోయాడు. పెట్టెను మళ్ళీ ముట్టుకోలేదు, తెరిచి చూడలేదు, వచ్చినవాడికి ఉన్నదున్నట్టు అమ్మేశాడు. ప్రాణం పోయేముందు కూడా “నేనేం ముట్టలే బిడ్డా” అనే అన్నాడు. మోసగాని బిడ్డను ఎవరు చేసుకుంటారని అందరూ మొహం చాటేసిన రోజుల్లో, నిజామాబాద్ నుంచి వచ్చి నాందేడ్‌లో రైల్వే సిగ్నళ్ళ పనిలో చేరిన కాశీనాథ్ తనంతట తానే అడిగి నళినిని చేసుకున్నాడు. ఇప్పుడు రిటైరై, పాత ఇనుము కొనే భంగార్ దుకాణంలో తుప్పుపట్టి పడున్న ఆ పెట్టెను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చి, వద్దు వద్దన్నా వినకుండా విప్పి కూర్చున్నాడు.

ఇక గడప దగ్గరికి వద్దాం.

నళిని పళ్ళెం కింద పెట్టింది. చాయ్ ఒలికింది. “ఏం మోసంరా?” అంది.

సందీప్ నాలుక కరుచుకున్నాడు కానీ ఆలస్యమైంది. “ఏంలేదమ్మా. ఫోన్ల ఒక వీడియో చూసిన. పాతకాలం షావుకార్లు గిసోంటి ముక్క చక్రానికి పెట్టేటోళ్ళట. గప్పుడు చక్రం చుక్క కాడ ఆగదు, జారి పక్క బొమ్మ మీదికి పోతది.”

నళిని కుర్చీ పట్టుకుని కూర్చుంది. ఆమె భయమంతా ఇదే. ఊరంతా తండ్రిని మోసగాడన్నప్పుడు కాదని గొంతు చించుకుని అరిచింది, నిజమే. కానీ లోపల ఏదో ఒక మూల, ఏమో, అయ్యుంటే, అన్న అనుమానం ఆమెను ఏనాడూ వదల్లేదు. కన్నతండ్రిని పూర్తిగా నమ్మలేకపోయానన్న సిగ్గు ఆమెను ఊరివాళ్ళ మాటల కంటే ఎక్కువ బాధ పెట్టేది. పెట్టె తెరవకుండా ఉంటే ఆ అనుమానం అలాగే మూతపడి ఉండేది. మొగుడు తీసుకొచ్చి మరీ మూత తెరిచాడు.

“జర ఆగు,” అన్నాడు కాశీనాథ్ తల ఎత్తకుండానే. ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ తిప్పుతున్నాడు. ఆయనకు అన్నం తినడం తప్ప మిగతా పనులన్నీ ఎడమచేతివే. పెళ్ళిపీటల మీద తలంబ్రాలు కూడా ఎడమచేత్తో పోయబోయాడని నళిని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఇవాళ మాత్రం ఆమెకు ఎగతాళి గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడే బయట గేటు కిర్రుమంది.

“నళినీ! ఇంట్ల ఉన్నవా బిడ్డా?”

ఆ గొంతును నళిని ఎన్నేళ్ళయినా మరిచిపోదు. తెల్ల ధోతి, తలకు టోపీ, చేతిలో కట్టె, ఒక కంటికి ఆపరేషన్ అయినవాళ్ళు పెట్టుకునే నల్లద్దాలు. వెంకట్రావ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సందీప్ ముచ్చటపడి పెట్టె ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు, అది మర్ఖేల్‌లో ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు పాకి వెంకట్రావ్ మనవడి దాకా వెళ్ళింది. ముసలాయన పొద్దున్నే దెగ్లూర్ దాకా వచ్చి, బస్సెక్కి, నాయ్‌గావ్‌లో మాత్రమే ఒకసారి దిగి చాయ్ తాగి, నేరుగా నాందేడ్‌లోని ఈ ఇంటికి వచ్చేశాడు.

నళిని లేచింది. ఎంత కోపమున్నా ఎండన పడి వచ్చిన పెద్దమనిషికి నీళ్ళివ్వకుండా ఉండలేకపోయింది. చెంబు ముందు పెట్టి, “కూసో కాకా” అంది. ఆ గొంతులో మర్యాద ఉంది కానీ ప్రేమ లేదు.

“తెరిచిండ్రా? నా కండ్ల ముంగట తెరుస్తరనుకున్న,” అన్నాడు ఆయన, పెట్టెనే చూస్తూ.

“నీ కండ్ల ముంగట అప్పుడు మా నాయిన అంగి చింపిండ్రు. గది సరిపోలేదా?”

వెంకట్రావ్ కట్టె పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దుప్పటి అంచున కూర్చున్నాడు. కాశీనాథ్ నమస్కారం పెట్టాడు కానీ ముఖం పెట్టెలోంచి బయటికి తీయలేదు. పెళ్ళికి రాని ఈ పెద్దాయనను ఇంట్లో చూడటం అతనికి ఇదే మొదలు.

“నిన్ను యాడనో చూసినట్టున్నది అల్లుడా,” అన్నాడు వెంకట్రావ్.

“స్టేషన్ల చూసి ఉంటరు మామా. జిందగీ అంత ఆడనే గడిచింది,” అన్నాడు కాశీనాథ్, ఇంకా లోపలే చూస్తూ.

సందీప్ మళ్ళీ తొందరపడ్డాడు. టార్చి ఆ రేకుముక్క మీద వేసి, వీడియో ముచ్చటంతా ముసలాయనకు వివరంగా చెప్పాడు. వెంకట్రావ్ మెడ చాపి చూశాడు. గెలిచినవాడి ముఖం పెట్టాలనుకున్నాడేమో, పెట్టలేకపోయాడు.

“నేను గప్పుడే అన్న,” అన్నాడు నీరసంగా. “తాళంచెవి వాని దగ్గరనే ఉండె. ఇంకెవరు పెడ్తరు?”

నళిని కళ్ళు నీళ్ళతో నిండాయి. తండ్రి ఫోటో వైపు చూడటానికి కూడా ధైర్యం చాలలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉన్నట్టుండి కొంగు తీసేసింది.

“కాకా, ఒక్క ముచ్చట చెప్పు. గా దినం మూడు చుక్కలు పడ్డయా, పడలేదా?”

“పడ్డయ్. అబద్ధం చెప్త లేను. వరసగ మూడు. జాత్ర జాత్రంత చూసింది.”

“మరి గీ రేకు చుక్కను ఆగనియ్యదు, జారగొడ్తది అంటున్నడు గదా సందీప్? చుక్క ఆగనే ఆగకుంటె మూడు చుక్కలు ఎట్ల పడ్డయ్?”

సందీప్ టార్చిని తన ముఖం మీదికే తిప్పుకున్నాడు, ఏం చేస్తున్నాడో తెలియకుండా. రోజంతా ఫోన్ చూసేవాడికి తట్టనిది వాళ్ళమ్మకు తట్టింది.

కాశీనాథ్ అప్పటికే గుడ్డకు కిరోసిన్ అద్ది రేకుముక్కను తుడుస్తున్నాడు. దానికింద చక్రం పన్ను ఒకటి విరిగి ఉంది. విరిగిన చోట బలానికి అతికిన అతుకు అది. అతుకు మీద కూడా చక్రానికున్న పాత మెరుగుపూతే ఉంది. అంటే పెట్టె చేసినప్పుడో, క్లబ్బులో ఉన్నప్పుడో వేసిన అతుకు.

“గిది మీకంటె ముందటిది మామా,” అన్నాడు. “దీనికి మోసం తోని పనిలేదు.”

నళిని ఊపిరి పీల్చుకుంది. కానీ వెంకట్రావ్ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

“మరి పైసలెందుకు పడలె?”

దానికోసమే కాశీనాథ్ ఇంకా లోపల వెతుకుతున్నాడు. ప్రతి చక్రం పక్కనా ఒక బిళ్ళ ఉంది. దానికి కొన్ని రంధ్రాలు. చక్రాలు ఆగగానే మూడు ఇనుపవేళ్ళు వరసగా ముందుకు వచ్చి ఆ బిళ్ళలను తడుముతాయి; మొదటి రెండూ ఏ బొమ్మ రంధ్రంలో దిగితే మూడోది ఆ బొమ్మ రంధ్రాన్నే వెతుకుతుంది. మూడూ దిగితే నాణేలు రాలతాయి, దిగకపోతే రాలవు. ఇంత పెద్ద పెట్టెకు ఉన్న తెలివి అంతే. కాశీనాథ్ చక్రాలను చేత్తో తిప్పి మూడు చుక్కలూ కిటికీలకు తెచ్చాడు. మొదటి వేలు దిగింది. రెండోదీ దిగింది. మూడో వేలు బిళ్ళకు తగిలి ఆగిపోయింది.

“రంధ్రం మూసుకపోయింది,” అన్నాడు. “గ్రీజు గడ్డ కట్టినట్టున్నది.”

“మూసుకపోయిందా, మూసిండ్రా?” అన్నాడు వెంకట్రావ్. “నాకు సక్కగ చెప్పు అల్లుడా. ఒక్క చుక్క రంధ్రమే ఎందుకు మూసుకపోతది? గంటవి మంచిగున్నయ్, నిమ్మకాయవి మంచిగున్నయ్.”

నళిని ఒడ్డున పడ్డాననుకున్నది, మళ్ళీ నీళ్ళలోనే ఉంది. మొగుడు గుండుసూదితో గీకి, వేలి కొన మీద పెట్టి చూపించిన ఆ నల్లటి ముక్కను తీసుకుంది. చిన్నది, బెల్లం అడుగంటినట్టు గట్టిగా ఉంది. గోటితో నలిపింది. పైన నల్లగా ఉంది కానీ లోపల ముదురు పసుపు. గోరు పక్కన చర్మానికి రంగు అంటింది. వాసన చూసింది. నూనె కంపు కింద ఇంకేదో వాసన ఉంది, రోజూ పోపు డబ్బాలో తగిలేదే.

“కాకా, నీ సున్నం డబ్బీ ఇటియ్యి.”

వెంకట్రావ్ తంబాకు నలుపుకునే మనిషి. నడుముకు దోపుకున్న డబ్బీ తీసి అయోమయంగా ఇచ్చాడు. నళిని ఆ ముక్కకు పైనున్న జిడ్డును కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఇత్తడి పళ్ళెంలో వేసి, చెంచాతో నూరి, రెండు చుక్కల నీళ్ళు వేసింది. గోటితో ఇంత సున్నం తీసి కలిపింది.

పళ్ళెంలో ఎర్రబడింది. పిల్లలకు దిష్టి తీసే నీళ్ళంత ఎరుపు.

“గ్రీజు కాదు,” అంది నళిని. “పసుపు.”

“పెట్టెల పసుపెట్ల పోతదమ్మా?” అన్నాడు సందీప్.

నళిని వెంకట్రావ్‌ను చూస్తోంది. సందీప్ కూడా చూశాడు. ముసలాయన నల్లద్దాలు తీసేశాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

“భండారా,” అన్నాడు ఆయన.

ఖండోబా జాత్రకు ఒక్కసారి వెళ్ళినవాడికైనా చెప్పాల్సిన పనిలేదు. యళకోట్ యళకోట్ జయ్ మల్హార్ అంటూ పిడికిళ్ళతో పసుపు ఎగరేస్తారు. దాన్నే భండారా అంటారు. మనుషులు, గుర్రాలు, డేరాలు, నేల, అన్నీ పచ్చగా అయిపోతాయి. అది మీద పడితే దులుపుకోరు.

“ఏటా డేరా తెరిచేటప్పుడు,” వెంకట్రావ్ మెల్లగా అన్నాడు, “మొదటి ఆట దేవునిదే కావాలె అని... పైసలు ఏసే సందులకెల్లి పిడికెడు భండారా నేనే పోసెటోన్ని. మారోతి వద్దనేటోడు. ‘లోపటికి పోతది రా ఎంకటా, మిషను ఖరాబైతది’ అనేటోడు. దేవుని భండారాకు అడ్డం చెప్తవారా అని నేనే తిట్టిన.”

“మా నాయిన ఏటా నూనె పెట్టేటోడు,” అంది నళిని. “నాకు ఎరుక. జాత్రకు పోయే ముందు వాకిట్ల కూసోని పెట్టేటోడు.”

ఇక మిగతాది కాశీనాథ్ చెప్పాడు. “పసుపు, నూనె కలిసి ముద్దయింది మామా. గంట రంధ్రాలల్ల, నిమ్మకాయ రంధ్రాలల్ల వేలు దినాం దిగుతది, ఎప్పటి మురికి అప్పుడే పోతది. మూడు చుక్కలు ఎప్పుడు పడ్డయ్? పడనే పడలె. వేలు దిగని రంధ్రంల ఏటేటా పేరుకుంట పోయింది. ఎవ్వరు మూయలె.”

ఎవ్వరు మూయలె. నళిని ఆ మాటను లోపల ఒకసారి అనుకుని చూసింది. అప్పుడు లేచి గోడమీదున్న తండ్రి ఫోటో దగ్గరికి వెళ్ళింది. అద్దం మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది. ఏడుస్తుందేమో అని సందీప్ భయపడ్డాడు. ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

“ముట్టలేదన్నడురా,” అంది కొడుకుతో. “నాయిన ముట్టలేదన్నడు. నిజంగనే ముట్టలే.”

వెంకట్రావ్ కట్టె అందుకుని లేవబోయి, లేవలేక, కూర్చున్న చోటనే ఫోటో వైపు తిరిగి రెండు చెంపలూ వేసుకున్నాడు. “అరే మారోతీ, నిన్ను బద్నాం చేసిన గదరా. ఖరాబు చేసింది నేను, దెబ్బలు తిన్నది నువ్వు.” ముసలితనంలో ఏడిస్తే చూడటానికి కష్టంగా ఉంటుంది. నళినికి ఆయన మీద పెంచుకున్న కోపం ఎక్కడుందో వెతుక్కున్నా దొరకలేదు. ఆయనా ఇన్నేళ్ళూ స్నేహితుడు మోసం చేశాడన్న బాధతోనే బతికాడు. ఆ బాధ కూడా ఇవాళ్టితో తీరింది.

“ఊకో కాకా. దేవుడు తిన్నడు మన పైసలు, ఏం జేస్తం?” అంది. “చాయ్ చల్లగయింది. మల్ల పెట్టుకొస్త.”

ఆ మాటకు ముసలాయన ఏడుస్తూనే నవ్వేశాడు. సందీప్ కూడా నవ్వాడు. ఆ ఇంట్లో అంత తేలికైన నవ్వు వినపడి చాలా కాలమైంది. చాయ్‌తో పాటు నళిని కారపు అటుకులు కూడా తెచ్చింది. మర్ఖేల్‌లో ఎవరు బతికున్నారు, ఎవరి చేనుకు నీళ్ళొచ్చాయి, ఎవరి మనవరాలు బిలోలి ఆఫీసులో చేరింది, అన్నీ అడిగింది. వెంకట్రావ్ వచ్చే ఆదివారం ఊళ్ళో నలుగురినీ కూర్చోబెట్టి ఈ పసుపు ముచ్చట తన నోటితోనే చెప్తానని ఖండోబా మీద కసం తిన్నాడు. నళినికి అంతకంటే ఇంకేం కావాలి?

ఈలోగా కాశీనాథ్ చీపురుపుల్లకు కిరోసిన్ అద్ది ఆ రంధ్రాన్ని శుభ్రం చేశాడు. పుల్ల అటునుంచి ఇటు దూరింది. మూడో వేలు మెత్తగా లోపలికి దిగింది. చక్రాలను మళ్ళీ బిగించి, పెట్టెను బల్లమీదికి ఎత్తారు. సందీప్ ముందున్న గాజుబిళ్ళను తడిగుడ్డతో తుడిచి అరిచాడు.

“అమ్మా! గల్లాల పైసలు గట్లనే ఉన్నయ్!”

నిజమే. పచ్చటి దుమ్ము వెనక యాభై పైసల బిళ్ళలు, ఇక్కడివాళ్ళు ఆఠాణాలనేవి, కుప్పగా కనిపిస్తున్నాయి. మారోతి తెరవలేదు. కొన్నవాడికి తెరవడం రాలేదు. జాత్ర రోజున రాలాల్సిన గల్లా అక్కడే ఉండిపోయింది.

“గుంజుర్రి,” అంది నళిని మొగుడితో.

“సందీప్ గుంజుతడు తియ్యి.”

“బాగుచేసింది మీరు. మీరే గుంజాలె.”

కాశీనాథ్ ఇంకా తటపటాయించాడు. నళిని వినలేదు. సందీప్ సందులో ఒక నాణెం వేసి, చక్రాలు కాస్త వదులుచేసి, పరీక్ష కోసం మూడూ చుక్కల దగ్గరే ఆగేలా వెనకనుంచి పట్టుకున్నాడు. పిడి పెట్టెకు కుడివైపున ఉంది. ఎడమచేతివాటం మనిషి కదా, కాశీనాథ్ పెట్టెకు ఎదురుగా కాక అడ్డంగా తిరిగి నిలబడి, ఎడమచేత్తో పిడి పట్టుకుని గుంజాడు.

లోపల గరగరమని ఏదో తిరిగింది. కిటికీల్లో ఒక చుక్క, రెండో చుక్క, మూడో చుక్క. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత తలుపు తెరుచుకున్నట్టు టక్కుమంది, గల్లా మొత్తం ధనధనమని తొట్టిలోకి రాలింది. ఆఠాణాలు అంచులు దాటి దుప్పటి మీదికి దొర్లాయి. వాటితోపాటు పచ్చటి దుమ్ము లేచి అందరి చేతుల మీదా పడింది. వెంకట్రావ్ చేతులెత్తి “జయ్ మల్హార్” అన్నాడు. నళిని పిల్లలా చప్పట్లు కొట్టింది.

“గివి మాత్రం మనవి కావు బిడ్డా,” అన్నాడు వెంకట్రావ్, దొర్లివచ్చిన ఒక బిళ్ళను ఏరి కంటి దగ్గర పెట్టుకుని. “గా దినం ఆడిన పిలగానియి. పడుసు పిలగాడు, ఒంటరిగ అచ్చిండు. నాకు ఇప్పటికి యాదికున్నది. పైసలు పడకపొయ్యేసరికి ‘మోసం’ అని ఒక్కటే కేక ఏసిండు. గా కేకకే జనం ఎగబడ్డది. ఏసి, మల్ల ఆడ కనిపియ్యలే.”

“గంతమందిల గాయన నీకెట్ల యాదికున్నడు తాతా?” అన్నాడు సందీప్ బిళ్ళలు ఏరుతూ.

“యాదికుండదా? పిడి గుంజుడు సూసి డేరా అంత నవ్వింది. ఎవ్వడన్న కుడిచేత్తోని గుంజుతడు. వాడు అడ్డం తిరిగి, ఎడమచేత్తోని...” ముసలాయన నవ్వుతూ చెయ్యెత్తి చూపించబోయాడు. “ఇగో, గీ అల్లుడు నిలవడ్డట్టే.”

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆపరేషన్ అయిన కన్ను చిట్లించి ఆయన కాశీనాథ్ ముఖంలోకి చూశాడు.

నళిని కూడా తిరిగింది. అందరూ మొహం చాటేసినప్పుడు తనంతట తానే వచ్చి పెళ్ళి అడిగిన మనిషి, వద్దంటే వినకుండా ఆ పెట్టెను ఇంటికి మోసుకొచ్చిన మనిషి, ఇంకా అడ్డంగానే నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి పిడి మీదే ఉంది. దాన్ని తీయడం మరిచిపోయినట్టున్నాడు.

“సందీప్ బాపూ,” అంది నళిని మొగుడితో. “గా యేడు జాత్రకు మీరు పోయిండ్రా?”

కాశీనాథ్ పిడి వదిలేశాడు. అది టక్కుమని పైకి లేచింది.

“పోయిన,” అన్నాడు.